ఇంట్లో ఒకరికి షుగర్‌తో కిడ్నీ పోతే మిగతావాళ్లకూ ముప్పేనా? జన్యువులు చెబుతున్నది ఏంటి?

షుగర్ వచ్చిన ప్రతి ఒక్కరికీ కిడ్నీలు పాడవుతాయా? కావు. ఇరవై ఏళ్లుగా షుగర్ ఉన్నా క్రియాటినిన్ నార్మల్‌గానే ఉన్నవాళ్లు కనిపిస్తారు. పదేళ్లు తిరక్కుండానే డయాలసిస్ దాకా వెళ్లినవాళ్లూ కనిపిస్తారు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే డాక్టర్, దాదాపు ఒకే మాత్రలు. మరి తేడా ఎక్కడ వస్తోంది?

షుగర్ కంట్రోల్‌లో లేకపోవడం, బీపీని పట్టించుకోకపోవడం.. ఈ రెండూ పెద్ద కారణాలే. అయితే వీటితో మొత్తం లెక్క తేలడం లేదని శాస్త్రవేత్తలు చాలాకాలం కిందటే గుర్తించారు. కొన్ని కుటుంబాల్లో షుగర్ వచ్చినవారికి వరసగా కిడ్నీలు దెబ్బతింటున్నాయి. ఇంకొన్ని కుటుంబాల్లో షుగర్ ఉన్నా కిడ్నీ జోలికి పోవడం లేదు. అందుకే జన్యువుల మీద దృష్టి పడింది.

అయితే ఇక్కడే ఓ చిక్కు ఉంది. 'జీన్స్‌లో ఉంది కదా, ఇక మన చేతుల్లో ఏముంది' అని వదిలేసేవాళ్లు ఒకవైపు. వేల రూపాయలు పెట్టి డీఎన్‌ఏ టెస్ట్ చేయించుకుని, నార్మల్ వచ్చిందని ధీమాగా ఉండేవాళ్లు మరోవైపు. ఇద్దరూ పొరబడుతున్నట్టే. ఎందుకో వివరంగా చూద్దాం.

ముందు లెక్కలు చూద్దాం..

భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్ మద్దతుతో జరిగిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, మరో 13.6 కోట్ల మంది ప్రీడయాబెటిస్‌లో, అంటే షుగర్ గడప దగ్గర ఉన్నారని ఆ సర్వే తేల్చింది. వీరిలో అత్యధికులది టైప్ 2 డయాబెటిస్.

షుగర్ ఉన్నవారిలో 30 నుంచి 40 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కిడ్నీ దెబ్బతింటుందని వైద్యుల అంచనా. చెన్నై నగరంలో షుగర్ ఉన్నవారి మీద చేసిన ఓ పెద్ద అధ్యయనం 2007లో వెలువడింది. అందులో దాదాపు 27 శాతం మందికి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కొద్దికొద్దిగా పోతున్నట్టు తేలింది. 2 శాతం మందిలో కిడ్నీ అప్పటికే బాగా దెబ్బతింది. అంటే వందలో 27 మంది మొదటి మెట్టు మీద ఉన్నారన్నమాట. వారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. ఎందుకంటే ఈ దశలో నొప్పి ఉండదు, వాపు ఉండదు, క్రియాటినిన్ కూడా నార్మల్‌గానే ఉంటుంది.

ఇదే మాటను తిప్పి చూస్తే ఇంకో విషయం కనిపిస్తుంది. షుగర్ ఉన్న పదిమందిలో ఆరేడుగురికి కిడ్నీ జబ్బు రావడం లేదు. వారిని ఏది కాపాడుతోంది? పరిశోధకులు వెతుకుతున్న జవాబుల్లో ఇదీ ఒకటి.

కుటుంబాల్లో ఏం బయటపడింది?

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో పీమా అనే ఆదివాసీ జాతి ఉంది. టైప్ 2 డయాబెటిస్ ప్రపంచంలోనే అత్యధికంగా కనిపించిన సమూహాల్లో ఇదొకటి. దశాబ్దాల పాటు రెండు తరాల వారిని గమనించిన పరిశోధకులు 1990లో ఓ లెక్క ప్రకటించారు. షుగర్ ఉన్న పిల్లల్లో ఎంతమందికి మూత్రంలో ప్రోటీన్ పోతోందో చూశారు. తల్లిదండ్రుల్లో ఇద్దరికీ ప్రోటీన్ సమస్య లేకపోతే పిల్లల్లో 14 శాతం మందికి అది వచ్చింది. ఒకరికి ఉంటే 23 శాతం. ఇద్దరికీ ఉంటే ఏకంగా 46 శాతం!

మన దక్షిణాదిలోనూ ఇలాంటి పరిశీలనే జరిగింది. చెన్నై పరిశోధకులు 1999లో టైప్ 2 షుగర్ రోగుల తోబుట్టువులను పరీక్షించారు. షుగర్‌తో కిడ్నీ దెబ్బతిన్నవారి తోబుట్టువులు ఒక గ్రూపు. షుగర్ ఉన్నా మూత్రం మామూలుగా ఉన్నవారి తోబుట్టువులు రెండో గ్రూపు. అందరూ షుగర్ ఉన్నవారే. మొదటి గ్రూపులో సగం మందికి మూత్రంలో ప్రోటీన్ ఎక్కువగా పోతోంది. మరో 27 శాతం మందికి తొలిదశ లీకేజీ ఉంది. రెండో గ్రూపులో ఎక్కువగా పోతున్నవారు ఒక్కరూ లేరు. తొలిదశ లీకేజీ కూడా 3 శాతం మందిలోనే కనిపించింది.

ఇది చిన్న అధ్యయనం. దీంతోనే తుది తీర్పు ఇచ్చేయలేం. కానీ తేడా మాత్రం కొట్టిపారేయలేనంత పెద్దది.

అలాగని దీనంతటికీ జన్యువులే కారణం అనలేం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పంచుకునేది డీఎన్‌ఏ ఒక్కటే కాదు కదా. ఒకే వంటింటి ఉప్పు, ఒకే పచ్చళ్లు, అప్పడాలు తిని పెరుగుతారు. ఒళ్లు నొప్పులు వస్తే మందుల షాపులో అడిగి నొప్పి బిళ్లలు వేసుకునే అలవాటూ ఇంట్లో అందరికీ ఒకేలా ఉంటుంది. బీపీ కూడా కుటుంబాల్లో నడుస్తుంది. అందుకే 'కుటుంబ చరిత్ర' అన్నప్పుడు జన్యువులు, అలవాట్లు రెండూ కలిసే ఉంటాయని గుర్తుపెట్టుకోవాలి.

కిడ్నీ లోపల ఏం జరుగుతుంది?

ఒక్కో కిడ్నీలో సగటున పది లక్షల దాకా నెఫ్రాన్లు ఉంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో సన్నటి రక్తనాళాల ఉండ ఒకటి ఉంటుంది. అదే అసలు ఫిల్టర్. రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం ఈ ఫిల్టర్ల గుండా వడకట్టబడుతుంది. అందులో ఒకటిన్నర, రెండు లీటర్లు తప్ప మిగతాదంతా తిరిగి రక్తంలోకే వెళ్లిపోతుంది.

రక్తంలో గ్లూకోజ్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఈ ఫిల్టర్ మీద ఒత్తిడి పెరుగుతుంది. వడకట్టే పొర మందంగా తయారవుతుంది. దాన్ని పట్టుకుని ఉండే కణాలు ఊడిపోతాయి. అప్పుడు రక్తంలో ఉండాల్సిన ఆల్బుమిన్ మూత్రంలోకి జారిపోతుంది. తర్వాత మెల్లగా మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన నెఫ్రాన్ మళ్లీ పనిచేయదు.

ఈ వరసలో ప్రతి మెట్టు దగ్గరా ఏదో ఒక జన్యువు పని ఉంటుంది. పొరను నేసేది ఒకటి, మచ్చ కట్టే వేగాన్ని నిర్ణయించేది ఒకటి, బీపీని నడిపేది మరొకటి. అందుకే ఒకే స్థాయి షుగర్ ఇద్దరి కిడ్నీల్లో రెండు రకాలుగా పనిచేయగలదు.

ఇప్పటిదాకా దొరికిన జన్యువులు ఏవి?

ఎల్మో1: జపాన్ శాస్త్రవేత్తలు టైప్ 2 షుగర్ ఉన్నవారిని పరిశీలించి 2005లో ఈ జన్యువు పేరు బయటపెట్టారు. గ్లూకోజ్ పెరిగినప్పుడు కణాల్లో ఈ జన్యువు చురుగ్గా మారుతుందని, మచ్చ కట్టించే పదార్థాల తయారీని పెంచుతుందని ల్యాబ్ ప్రయోగాల్లో తేలింది. ఆ తర్వాత వేరే దేశాల్లో చేసిన పరిశోధనల్లో కొన్నిచోట్ల సంబంధం కనిపించింది, కొన్నిచోట్ల కనిపించలేదు. ఒకే జన్యువులో కూడా ముప్పు తెచ్చే మార్పు జాతిని బట్టి వేరుగా ఉంది.

కాల్4ఏ3: ఇది ఆసక్తికరమైన కేసు. వడకట్టే పొరలో ఉండే కొల్లాజెన్ అనే పీచు పదార్థాన్ని తయారుచేసే జన్యువు ఇది. ఇందులో పెద్ద లోపాలు ఉంటే షుగర్ లేకపోయినా ఆల్పోర్ట్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బు వస్తుంది. అయితే ఇదే జన్యువులో ఓ చిన్న మార్పు ఉన్నవారికి షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతినే ముప్పు తక్కువగా ఉందని 2019లో తేలింది. దాదాపు 20 వేల మంది డీఎన్‌ఏను జల్లెడ పట్టి ఈ సంగతి కనిపెట్టారు. ఆ మార్పు ఉన్నవారిలో వడకట్టే పొర కాస్త పలచగా ఉంటోంది. అంటే కిడ్నీని చెడగొట్టే జన్యువులే కాదు, కాపాడేవి కూడా ఉన్నాయన్నమాట. కాకపోతే ఈ అధ్యయనం జరిగింది యూరప్ మూలాలున్న టైప్ 1 షుగర్ రోగుల మీద. టైప్ 2లో, పైగా మన దేశంలో ఇది ఇంతే బలంగా పనిచేస్తుందని అనుకోవడానికి లేదు.

ఏపీవోఎల్1: ఆఫ్రికా మూలాలున్నవారిలో కిడ్నీ జబ్బుకు అతిపెద్ద జన్యు కారణం ఇదే. 2010లో బయటపడింది. ఆఫ్రికాలో సెట్సీ ఈగ వల్ల వచ్చే నిద్రజబ్బు నుంచి కాపాడే మార్పు ఇది. ఆ రక్షణ కారణంగానే తరతరాలుగా నిలిచిపోయింది. కానీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి.. రెండు కాపీలూ వస్తే కిడ్నీకి ప్రమాదం. ఆఫ్రికన్ అమెరికన్లలో సుమారు 13 శాతం మందికి ఇలా రెండు కాపీలు ఉన్నాయి. వారికి షుగర్ కూడా తోడైతే కిడ్నీ పనితీరు మరింత వేగంగా పడిపోతున్నట్టు అధ్యయనాలు చెబుతున్నాయి.

మన దేశంలో ఈ మార్పులు దాదాపు కనిపించవు. కాబట్టి విదేశీ వీడియోల్లో ఏపీవోఎల్1 టెస్ట్ గురించి చూసి ఇక్కడ కంగారు పడాల్సిన పనిలేదు.

ఒక్క జన్యువు పేరు చెప్పలేరా?

లేదు. షుగర్ కిడ్నీ జబ్బుకు ఒకే 'విలన్' జీన్ లేదు. వందల కొద్దీ చిన్న చిన్న మార్పులు కలిసి ముప్పును కాస్త పెంచుతాయి లేదా తగ్గిస్తాయి. ఒక్కో మార్పు ప్రభావం చాలా తక్కువ. చినుకు చినుకు కలిస్తేనే వాన అయినట్టు, ఇవన్నీ కలిస్తేనే తేడా తెలుస్తుంది.

వీటన్నిటినీ కూడి ఒక స్కోర్‌గా లెక్కగట్టే ప్రయత్నాలు జరుగుతున్నాయి. 2022లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన అలాంటి ఓ అధ్యయనంలో, స్కోర్ ఎక్కువగా ఉన్న తొలి 2 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ముప్పు మిగతావారి కంటే దాదాపు మూడు రెట్లు ఉంది. ఇది షుగర్ ఉన్నా లేకపోయినా వచ్చే కిడ్నీ జబ్బులన్నిటికీ కలిపి వేసిన లెక్క.

మూడు రెట్లు అంటే వినడానికి పెద్దగానే ఉంది. కానీ అది వందలో ఇద్దరి మాట. మిగతా 98 మందిలో చాలామందికి ఈ స్కోర్ డాక్టర్ చికిత్సను మార్చేంత కొత్త విషయమేమీ చెప్పదు.

ఇంకో పెద్ద సమస్య డేటా. ప్రపంచవ్యాప్తంగా జన్యు అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో దాదాపు 79 శాతం మంది యూరప్ మూలాలున్నవారేనని 2019లో ఓ లెక్క తేలింది. ప్రపంచ జనాభాలో వారి వాటా 16 శాతమే. ఒకచోట కొలిచిన కొలతతో ఇంకోచోట చొక్కా కుడితే ఎలా ఉంటుందో, అక్కడి డేటాతో తయారైన స్కోర్‌ను తెలుగువారికి వాడితే అలాగే ఉంటుంది. కొంత సరిపోతుంది, కొంత సరిపోదు.

ఈ లోటు తీర్చే పని మన దగ్గర మొదలైంది. జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో దేశవ్యాప్తంగా సుమారు 10 వేల మంది పూర్తి జన్యు క్రమాన్ని చదివారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ ఇందులో ముఖ్య భాగస్వామి. 2025 జనవరిలో ఆ డేటాను పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. అదే ఏడాది ఏప్రిల్‌లో వెలువడిన తొలి నివేదికలో 83 జన సమూహాలకు చెందిన 9,772 మంది వివరాలు ఉన్నాయి. ఇది పునాది. దీనిమీద షుగర్, కిడ్నీ రోగుల ప్రత్యేక అధ్యయనాలు జరిగితేనే మనకు పనికొచ్చే స్కోర్ తయారవుతుంది.

మేనరికం వల్ల వస్తుందా?

తెలుగు ఇళ్లలో తరచూ వినిపించే ప్రశ్న ఇది. అక్క కూతురినో, మేనమామ కొడుకునో చేసుకున్నాం కాబట్టే పిల్లలకు ఇలా అయిందని బాధపడేవాళ్లు ఉంటారు.

మేనరికాల్లో పెరిగే ముప్పు వేరే రకం. తల్లిదండ్రులిద్దరి దగ్గరా ఒకే లోపం దాగి ఉండి, రెండు కాపీలూ బిడ్డకు చేరినప్పుడు వచ్చే అరుదైన జబ్బులు వీటిలో ఎక్కువ. చిన్న వయసులోనే కనిపించే కొన్ని వంశపారంపర్య కిడ్నీ జబ్బులు ఈ కోవలోకి వస్తాయి. షుగర్ వల్ల నడి వయసులో వచ్చే కిడ్నీ జబ్బు అలా ఒక లోపంతో వచ్చేది కాదు. ఇరువైపుల కుటుంబాల్లోనూ షుగర్, బీపీ ఉంటే ముప్పు పెరుగుతుంది. అది మేనరికం కాని పెళ్లిలోనూ అంతే. కాబట్టి ఎప్పుడో జరిగిన పెళ్లిని తలచుకుని తల్లిదండ్రులను నిందించడంలో అర్థం లేదు.

మరి జీన్ టెస్ట్ ఎవరికి అవసరం?

షుగర్ ఉంది, కిడ్నీ దెబ్బతింది అనగానే అది షుగర్ వల్లే అని ముద్ర వేసేస్తుంటారు. ప్రతిసారీ అది నిజం కాదు. అమెరికాలో బయాప్సీ చేయించుకున్న 620 మంది షుగర్ రోగుల వివరాలు 2013లో ప్రచురించారు. అందులో 37 శాతం మందికే అచ్చంగా షుగర్ కిడ్నీ జబ్బు ఉంది. 36 శాతం మందికి అసలు వేరే జబ్బు. మిగతా 27 శాతం మందికి రెండూ ఉన్నాయి. డాక్టర్లకు అనుమానం వచ్చినవారికే బయాప్సీ చేస్తారు కాబట్టి అందరికీ ఈ శాతాలు వర్తించవు. కానీ 'షుగర్ ఉంటే వేరే కారణం వెతకక్కర్లేదు' అనే మాట తప్పని ఇది చెబుతోంది.

జన్యు పరీక్ష నిజంగా ఉపయోగపడేది ఇలాంటి అనుమానం ఉన్నప్పుడే. 3,315 మంది కిడ్నీ రోగుల జన్యువులను చదివి 2019లో ప్రచురించిన ఓ అధ్యయనంలో, 9 శాతానికి పైగా మందిలో ఒకే జన్యువు లోపం వల్ల జబ్బు వచ్చినట్టు తేలింది. ఏ కారణమూ దొరకని కేసుల్లో ఇది 17 శాతం.

ఈ కింది లక్షణాలు ఉంటే నెఫ్రాలజిస్టును జన్యు పరీక్ష గురించి అడగడం మంచిది..

• చిన్న వయసులోనే షుగర్ వచ్చి, స్కాన్‌లో కిడ్నీల్లో నీటి తిత్తులు కనిపిస్తే. హెచ్‌ఎన్‌ఎఫ్1బీ అనే జన్యువులో లోపం షుగర్‌నూ, కిడ్నీ సమస్యనూ రెండింటినీ తెస్తుంది.

• షుగర్‌తో పాటు వినికిడి తగ్గడం, తల్లి వైపు బంధువుల్లో ఇవే సమస్యలు ఉండటం. తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ లోపం ఇలా బయటపడుతుంది.

• కుటుంబంలో షుగర్ లేనివారికి కూడా కిడ్నీలు ఫెయిల్ అయి ఉంటే.

• షుగర్ వచ్చి కొద్ది కాలమే అయినా, కంటి రెటీనా బాగానే ఉన్నా, కిడ్నీ పనితీరు వేగంగా పడిపోతుంటే. ఇలాంటప్పుడు ముందు వేరే కారణాలు వెతుకుతారు, అవసరమైతే బయాప్సీ చేస్తారు.

మిగతావారికి జన్యు పరీక్ష వల్ల ఇప్పటికైతే చికిత్స మారదు.

ఇక్కడ ఇంకో విషయం స్పష్టం చేయాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వేలమందిని బలితీసుకుంటున్న కిడ్నీ జబ్బు ఇది కాదు. అక్కడ షుగర్, బీపీ లాంటి కారణాలు లేనివారికే కిడ్నీలు పోతున్నాయి. అందుకే దాన్ని కారణం తెలియని కిడ్నీ వ్యాధి అంటున్నారు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

కిడ్నీ ఇచ్చేది ఎవరు? అసలు సంకటం ఇక్కడే!

జన్యువుల చర్చ కుటుంబాన్ని నేరుగా తాకేది ఈ దగ్గరే. ఇంటి పెద్దకు షుగర్ వల్ల కిడ్నీలు ఫెయిల్ అయ్యాయి. మార్పిడి చేయాలి. మన దేశంలో కిడ్నీ మార్పిడుల్లో ఎక్కువ భాగం బతికి ఉన్న దాతల నుంచే జరుగుతున్నాయి. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు దగ్గరి బంధువుల కింద వస్తారు. 2011 సవరణతో తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మ, మనవలు, మనవరాళ్లు కూడా ఆ జాబితాలో చేరారు.

సహజంగానే తమ్ముడో, కొడుకో, కూతురో ముందుకొస్తారు. కానీ వాళ్లూ అదే కుటుంబం. షుగర్ ఉన్నవారిని సాధారణంగా దాతగా తీసుకోరు. ప్రీడయాబెటిస్ ఉంటే వయసు, బరువు, బీపీ, మూత్ర పరీక్ష అన్నీ చూసి నిర్ణయిస్తారు. అసలు చిక్కు పాతికేళ్ల కొడుకు విషయంలో వస్తుంది. ఈరోజు అతని రిపోర్టులన్నీ నార్మల్. కానీ నలభై ఏళ్లకు షుగర్ వస్తే? ఒక్క కిడ్నీతో ఉన్నప్పుడు వస్తే? అదే దాత యాభై అయిదేళ్ల తల్లి లేదా పెద్దన్న అయితే, ఇప్పటిదాకా షుగర్ రాలేదంటే ముప్పు ఎంతో కొంత తేలిపోయినట్టే. వయసులో పెద్ద దాతే ఒక్కోసారి మెరుగు అని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

మన దేశంలో బతికి ఉండగా అవయవాలు ఇచ్చేవారిలో మహిళలే ఎక్కువ. భర్తకు భార్య, కొడుక్కి తల్లి ఇస్తుంటారు. 'ఇంట్లో ఆవిడ ఇస్తుందిలే' అని ముందే అనేసుకోకుండా, ఆమెకు కూడా షుగర్, బీపీ, మూత్రంలో ఆల్బుమిన్, పుట్టింటివారి ఆరోగ్య చరిత్ర పూర్తిగా చూడాలి. ఆమె కిడ్నీ భవిష్యత్తు కూడా ఈ ఇంటి లెక్కలోదే.

ఇన్సూరెన్స్ సంగతేంటి?

జన్యు పరీక్షలో ముప్పు ఉందని తేలితే బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరిస్తుందా అనే భయం చాలామందిలో ఉంది. జన్యు కారణాలు చూపి బీమాలో వివక్ష చూపడం రాజ్యాంగ విరుద్ధమని ఢిల్లీ హైకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. జన్యు లోపం పేరుతో క్లెయిమ్‌లు తిరస్కరించవద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆ వెంటనే కంపెనీలకు చెప్పింది. అయితే అమెరికాలో 2008లో తెచ్చినట్టుగా దీనికంటూ ప్రత్యేక చట్టం మన దగ్గర లేదు. ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించుకుని ఉమ్మి శాంపిల్ పంపే ముందు, ఆ డేటా ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరికి చేరుతుంది అన్నది అడిగి తెలుసుకోవడం మంచిది.

మరి ఇప్పుడు ఏం చేయాలి?

ఇంట్లో ఒకరికి షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతింటే, షుగర్ ఉన్న మిగతావారు చేయించుకోవాల్సింది మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష. ల్యాబ్‌లో ఏసీఆర్ అంటే తెలుస్తుంది. కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. ఫలితం 30 లోపు ఉంటే నార్మల్. 30 నుంచి 300 మధ్య ఉంటే తొలిదశ లీకేజీ. 300 దాటితే ఎక్కువగా పోతున్నట్టు. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, బాగా శ్రమ చేసిన రోజు ఇది తాత్కాలికంగా పెరగొచ్చు. అందుకే మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చూసి, కనీసం రెండుసార్లు ఎక్కువగా వస్తేనే నిర్ధారిస్తారు.

దీంతో పాటు రక్తంలో క్రియాటినిన్ చూసి ఈజీఎఫ్‌ఆర్ లెక్కగడతారు. మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువ ఉంటే కిడ్నీ జబ్బు ఉన్నట్టే. టైప్ 2 షుగర్ ఎప్పుడు మొదలైందో ఎవరికీ కచ్చితంగా తెలియదు కాబట్టి, షుగర్ ఉందని తెలిసిన రోజే ఈ రెండు పరీక్షలూ చేయించాలి. ఆ తర్వాత ఏటా ఒకసారి. 'క్రియాటినిన్ నార్మల్ వచ్చింది, చాలు' అని ఆగిపోతే తొలిదశ చేజారిపోతుంది.

లీకేజీ ఉందని తేలితే చేతులెత్తేయాల్సిన పనిలేదు. లోసార్టాన్, టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు ఫిల్టర్ మీద ఒత్తిడిని తగ్గిస్తాయి. గ్లూకోజ్‌ను మూత్రంలోకి పంపే కొత్త తరం మందులు ఇంకో పెద్ద మార్పు తెచ్చాయి. 4,304 మంది మీద జరిగి 2020లో వెలువడిన డపాగ్లిఫ్లోజిన్ ట్రయల్‌లో, కిడ్నీ పనితీరు సగానికి పడిపోవడం, కిడ్నీ ఫెయిల్ కావడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో చనిపోవడం.. ఈ ముప్పులన్నీ కలిపి చూస్తే 39 శాతం తగ్గాయి. ఈ కోవలోని ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ కూడా మన దేశంలో 2025 మార్చిలో ముగియడంతో చౌక రకాలు మార్కెట్లోకి వచ్చాయి. ఫినెరినోన్, సెమాగ్లుటైడ్ కూడా కిడ్నీని కాపాడతాయని తర్వాతి ట్రయల్స్‌లో రుజువైంది.

గమనించాల్సిన విషయం ఏంటంటే, ఈ ట్రయల్స్ వేటిలోనూ జీన్ టెస్ట్ చేసి రోగులను ఎంచుకోలేదు. మూత్రంలో ఆల్బుమిన్, ఈజీఎఫ్‌ఆర్ లాంటి మామూలు పరీక్షలు చూసే తీసుకున్నారు. అంటే జన్యువుల్లో ఏముందో తెలియకపోయినా ఈ మందులు పనిచేస్తున్నాయి.

ఇంకో ప్రమాదకరమైన అపోహ.. 'షుగర్ మాత్రలు వాడితే కిడ్నీలు పోతాయి'. ఈ మాట నమ్మి మందులు మానేసి, చివరికి కిడ్నీలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడు చేయదు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినప్పుడు దాని డోసు తగ్గిస్తారు, ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే పడిపోతే ఆపేస్తారు. ఆ నిర్ణయం డాక్టర్ తీసుకోవాలి. పాడు చేసే అవకాశం ఉన్నవి డాక్టర్ చీటీ లేకుండా రోజూ మింగే నొప్పి బిళ్లలు, ఏం కలిపారో తెలియని పసరు మందులు.

30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ పరీక్షలు చేసే జాతీయ కార్యక్రమం ఎలాగూ నడుస్తోంది. డయాలసిస్ మీద ఉన్న ప్రతి షుగర్ రోగి పేరు ఏదో ఒక ఆసుపత్రి రిజిస్టర్‌లో ఉంటుంది. ఆ ఒక్క పేషెంట్ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలను పిలిచి షుగర్ చూసి, ఉన్నవారికి ఏసీఆర్ చేస్తే చాలు. ముప్పు ఎక్కువగా ఉన్నవారు వాళ్లలోనే దొరుకుతారు. దీనికి డీఎన్‌ఏ ల్యాబ్ అక్కర్లేదు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల డయాలసిస్ ఖర్చుతో పోలిస్తే ఈ పరీక్ష ఖర్చు లెక్కలోకే రాదు.

మనకు సరిపోయే జన్యు స్కోర్ రావడానికి ఇంకా టైమ్ పడుతుంది. ఈలోపు ఇంట్లో పెద్దవాళ్లను అడగాల్సిన ప్రశ్నలు మూడే. మన ఇంట్లో ఎవరెవరికి షుగర్ ఉంది? ఎవరికి డయాలసిస్ దాకా వెళ్లింది? ఏ వయసులో? ఆ మూడు జవాబులను కాగితం మీద రాసుకుని, ఈసారి షుగర్ చెకప్‌కు వెళ్లినప్పుడు డాక్టర్‌కు చూపించాలి. ఏసీఆర్ టెస్ట్ కూడా రాయమని అడగాలి.